నూకరత్నం ఊపిరి, శిఖా దీదీ మోకాళ్ళు

2023 వానాకాలం. ఖరగ్‌పూర్‌లో ఛెస్ట్ క్లినిక్ నర్సుగా అప్పటికే నాకు చాలా ఏళ్ళ అనుభవం ఉంది. ఛెస్ట్ క్లినిక్ అంటే ఊపిరితిత్తుల జబ్బులు చూసే చోటు. మాది రైల్వే ఊరు కాబట్టి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది వర్క్‌షాపులో పని చేసినవాళ్ళే. రిటైర్మెంటు దగ్గర పడినవాళ్ళు మందుల గురించి ఎంత అడుగుతారో, ఈ మాటా అంతే అడుగుతారు: "క్వార్టర్ ఖాళీ చెయ్యాల సిస్టరమ్మా. ఏ ఊరెల్తే ఊపిరికి మంచిది?"

ఇక్కడి తెలుగువాళ్ళకు ఇది చిన్న ప్రశ్న కాదు. ముత్తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పని కోసం వచ్చారు. మనవలు ఇక్కడే పుట్టి ఇక్కడే పెరిగినా, పెళ్ళిళ్ళకు తప్ప చూడని ఊరిని "మా ఊరు" అంటారు. ఉద్యోగం అయిపోగానే అందరి చూపూ అటే తిరుగుతుంది.

నూకరత్నం, శిఖా దీదీ ఇద్దరూ కలిసే క్లినిక్‌కు వచ్చేవారు. భర్త పోయాక ఆయన ఉద్యోగం నూకరత్నానికి వచ్చింది. వర్క్‌షాపు స్టోర్స్‌లో ఆమెకు పని నేర్పింది శిఖా దీదీ. ఆవిడ బెంగాలీ, పెళ్ళి చేసుకోలేదు. పక్కపక్క క్వార్టర్లలో ఉంటూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఒకే ఏడాది రిటైరై, పూరీ గేట్ దగ్గర చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. నూకరత్నానికి ఆస్తమా. శిఖా దీదీకి మోకాళ్ళ అరుగుదల.

"రాత్రి ఈవిడ మోకాళ్ళు కరకర్లాడితే పక్కింటోళ్ళు లెగిసిపోతన్నారు" అంది నూకరత్నం కుర్చీలో కూర్చుంటూ.

"నీ ఊపిరి ఇంజిన్ కూత కంటే తక్కువేటి?" అంది శిఖా దీదీ. ఆవిడ తెలుగు క్వార్టర్లలో నేర్చుకున్నది. చాలావరకు మా యాసే.

ఆ రోజు నూకరత్నం చేత పీక్ ఫ్లో మీటర్ ఊదించాను. అదొక చిన్న గొట్టం. నిండా గాలి పీల్చి ఒక్కసారిగా ఊదితే లోపలి ముల్లు జరుగుతుంది. ఆకుపచ్చ గీత దాకా వెళితే ఊపిరి బాగున్నట్టు, పసుపు దగ్గర ఆగితే జాగ్రత్తపడమన్నట్టు, ఎరుపులో ఉంటే ప్రమాదం. ఆమె ముల్లు పసుపు అడుగున ఆగింది. డాక్టరుగారు మందు పెంచి, గాలి మారితే మేలని చెప్పారు.

"మా తమ్ముడు రమ్మంతన్నాడు. సముద్రం పక్కనే మా ఊరు, గాలి మంచిదంట" అంది నూకరత్నం.

"మంచిదైతే వెళ్ళాలి. నేనూ వస్తానని చెప్పినాను" అంది శిఖా దీదీ.

ఇలాంటివాళ్ళకు నేను ఒకటే చెబుతాను. ఏ ఊరినైనా దాని చెడ్డ నెలలో చూడాలి. అందరూ చలికాలంలో, ఊరు హాయిగా ఉన్నప్పుడు వెళ్ళి, రెండు రోజులు మర్యాదలు అందుకుని, ఇక్కడే ఉండిపోదాం అనుకుంటారు. వానలో, ఉక్కలో ఒక నెల ఉండి చూస్తే ఊరి అసలు స్వభావం తెలుస్తుంది. ఇద్దరికీ అదే చెప్పి, మీటర్ చేతికిచ్చి, పొద్దునా సాయంత్రమూ ఊదమన్నాను. బయలుదేరే ముందు వాళ్ళ కోసం ప్రార్థన చేస్తానన్నాను.

"సెయ్యండి సిస్టరమ్మా. మా నూకాలమ్మకి నాను సెప్పీసినాను. మీ దేవుడికి మీరు సెప్పండి" అంది నూకరత్నం.

నెల తర్వాత తిరిగొచ్చారు. క్లినిక్‌లో ఊదిస్తే ముల్లు ఆకుపచ్చలోకి వెళ్ళింది. అక్కడున్న నెలంతా దాదాపు అలాగే ఉందని చెప్పారు. నేను సంతోషించాను. వాళ్ళిద్దరి ముఖాల్లో మాత్రం సంతోషం లేదు.

"అక్కడి గాలి మీకు పడింది రత్నమ్మా. ఇందులో సందేహం లేదు" అన్నాను.

"పడింది. ఒక్క దినం మాత్రం మజ్జానం ఆయాసం అందుకుంది. మా మరదలు మంచిది, ఇసనకర్ర తెచ్చింది, నీలు తెచ్చింది. ఊరంతా సుట్టూ మూగీసినారు."

"'జరగండర్రా, గాలాడనీండి' అని అరిసినాను" అంది శిఖా దీదీ. "అందరూ నవ్వినారు. బెంగాలీది తెలుగులో తిడతన్నాదని."

"ఆలు నవ్వుతుండగానే ఈవిడ ఆ డబ్బాకి మందు తగిలించి నా మూతికి ఎట్టీసింది."

ఆ డబ్బాను మేము స్పేసర్ అంటాం. ఇన్‌హేలర్ మందు గొంతులో ఆగిపోకుండా ఊపిరితిత్తుల దాకా వెళ్ళడానికి వాడే గొట్టం. ఆయాసం ముదిరితే మనిషి తనంతట తాను దాన్ని సరిగ్గా పట్టుకోలేడు. పక్కవాళ్ళు పట్టాలి.

"మరి బెంగ ఏమిటి?" అని అడిగాను.

శిఖా దీదీ కిటికీ వైపు చూసింది. నూకరత్నమే చెప్పింది. "'అక్కా, నీ గది నీకుంది, ఎన్నాళ్ళయినా ఉండు. ఆవిడ్ని ఏ వరసని అట్టిపెట్టుకోమంతావు? ఊళ్ళో అడుగుతున్నారు' అన్నాడు మా తమ్ముడు. ఆడు సెడ్డోడు కాడు సిస్టరమ్మా. ఆడికి తెలీదు."

"నువ్వు వెళ్ళు, ఊపిరి ముఖ్యం, అని నేను చెప్తున్నాను. వినదు" అంది శిఖా దీదీ.

"నానొక్కదాన్నే ఎల్తే ఊపిరాడతాది" అంది నూకరత్నం. "ఊపిరాడి ఏటి సేసుకోవాల?"

"ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక మీ ఇంటికి వస్తాను. అప్పటిదాకా తమ్ముడికి ఏ మాటా ఇవ్వకండి" అన్నాను.

ఏ ఇంటికి వెళ్ళినా గడప బయట ఒక నిమిషం ప్రార్థన చేసుకోవడం నా అలవాటు. ప్రార్థన చేసి చేతులు ముడుచుకుని కూర్చోమని మాత్రం నాకు ఎవరూ నేర్పలేదు. లోపలికి వెళ్ళి ట్రంకుపెట్టె జరపమన్నాను. వెనక గోడంతా నల్లగా బూజు. వేలు పెడితే చెమ్మ తగిలింది. ఇల్లు వీధి కంటే పల్లంలో ఉంది. వాన వెలిసినా నీరు గోడల్లోనే ఉండిపోతుంది. జబ్బును రెచ్చగొట్టే దాన్ని మేము ట్రిగ్గర్ అంటాం. నూకరత్నం ట్రిగ్గర్ ఖరగ్‌పూర్ గాలి అని అందరం అనుకున్నాం. అసలుది ఈ బూజు, ఆమె తల పెట్టుకుని పడుకునే చోటికి జానెడు దూరంలో ఉంది.

"ఊరు మారక్కర్లేదేమో. ఈ ఇల్లు మారాలి. ఎండ తగిలే, చెమ్మ ఎక్కని మేడ మీది ఇల్లు చూసుకోండి" అన్నాను.

శిఖా దీదీ తన మోకాళ్ళ వైపు చూపించింది. "మేడ ఎలా ఎక్కేది?"

సమస్య అక్కడ ముడిపడింది. ఒకరికి ఎత్తు కావాలి, ఒకరికి నేల కావాలి. వారాల తరబడి వెతికాం. కింద ఇళ్ళన్నీ చెమ్మ, పొడి ఇళ్ళన్నీ మెట్లు. ఈలోగా నూకరత్నం ముల్లు మళ్ళీ పసుపులోకి జారింది. తమ్ముడు ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ఒకరోజు శిఖా దీదీ ఒక్కతే క్లినిక్‌కు వచ్చి, "దాన్ని పంపించేయండి సిస్టర్. మీ మాట వింటుంది" అంది. అప్పటికే నిర్ణయించుకుని వచ్చింది. అందుకే నాకు మరీ కష్టమైంది.

ఆ వారం మా చర్చి సంఘంలో ప్రార్థన మనవులు చెప్పుకునే సమయంలో లేచి ఈ సంగతి చెప్పాను. ఒక పెద్దాయన, "మన సంఘంలోనే అద్దె ఇళ్ళ కోసం తిరిగేవాళ్ళున్నారు గదా. వాళ్ళు మనోళ్ళు కారు" అన్నారు. నేను కూర్చోలేదు. పరదేశిని ఆదరించమని లేఖనాలు మనకు పదేపదే చెబుతున్నాయి, ఈ బెంగాల్‌కు మన తాతలు పరదేశులుగానే వచ్చారు, అప్పుడు పక్కింటి వాళ్ళు మనోళ్ళా కాదా అని చూసుంటే ఇవాళ ఈ బల్లల మీద ఎవరు కూర్చునేవారు, అని అడిగాను.

ప్రకాశం గారు లేచారు. పట్టాలు వేసే విభాగంలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఊళ్ళోనే, ఝపటాపూర్‌లో సొంత ఇల్లుంది. భార్య పోయాక ముందు భాగం ఖాళీగా తాళం వేసి ఉంచారు.

"నా ఇంటి పునాది ఎత్తు. కట్టినప్పుడు కోట కడతన్నావేటి అని మీరే నవ్వినారు. చెమ్మన్నదే లేదు" అన్నారు.

"మెట్లున్నాయి కదండీ" అన్నాను.

"రైలు మెట్లెక్కుతాదేటి సిస్టరమ్మా? గ్రేడియంట్ ఎక్కుతాది."

గ్రేడియంట్ అంటే పట్టాల ఏటవాలు. ఎంత పొడుగున ఎంత ఎత్తు లేపితే బండి ఆయాసపడకుండా ఎక్కుతుందో ఆ లెక్క. మెట్లకు ఎదురుగా ఏటవాలు కడితే మరీ నిటారుగా వస్తుందని, ఆయన దాన్ని ఇంటి పక్కగా తిప్పి మూల దగ్గర ఒక చదును ఉంచి పైకి తెచ్చారు. మా సంఘం మగవాళ్ళు పని చేశారు. మొదట అడ్డు చెప్పిన పెద్దాయన ఇనుప కమ్మీ తెచ్చి, చెయ్యి పట్టుకోవడానికి వీలుగా తనే అమర్చారు. శిఖా దీదీ చేత రెండుసార్లు నడిపించి, చెయ్యి ఎక్కడ ఆగుతుందో చూసి మరీ బిగించారు. నేను మాత్రం కిటికీల దగ్గర నిలబడి మంచం ఏ గోడకు వెయ్యాలో చెప్పాను.

"పూజలు సేసుకుంటాం, మీకేటి ఇబ్బంది లేదు గదా?" అని నూకరత్నం ప్రకాశం గారిని అడిగింది.

"నేను పొద్దున్నే గట్టిగా పాటలు పాడతాను. మీకేటి ఇబ్బంది లేదు గదా?" అన్నారాయన.

మరుసటి వానాకాలమంతా నూకరత్నం ముల్లు ఆకుపచ్చలోనే ఉంది. మందు ఆపలేదు, ఆస్తమా పోలేదు, పోయిందని ఎవరికీ చెప్పను. కానీ తమ్ముడి ఊళ్ళో ఎంత ఊదిందో ఇక్కడా అంతే ఊదింది. ఆ తమ్ముడు చూడ్డానికి వచ్చి నాలుగు రోజులున్నాడు. వెళ్ళేముందు శిఖా దీదీ దగ్గర కూర్చుని, ఆ స్పేసర్ ఎలా పట్టాలో నేర్పమని అడిగాడట. "ఏ వరసని నేర్పమంతావు?" అందట ఆవిడ. "అక్క వరసనే" అన్నాడట. ఆ మాట చెబుతూ నూకరత్నం నవ్వినప్పుడు గొంతులో కూత లేదు. నా ఉద్యోగంలో నేను విన్న మంచి శబ్దాల్లో అదొకటి.

మా సంఘాన్ని తలచుకుంటే నాకు ఈ రోజుకీ గర్వంగా ఉంటుంది. గర్వం మంచిది కాదని తెలుసు. దేవుడు చేయించుకున్నాడని సరిచెప్పుకుంటాను, అయినా కాస్త మిగులుతుంది.

రిటైరయ్యేవాళ్ళు ఇప్పటికీ వచ్చి ఏ ఊరి గాలి మంచిదని అడుగుతుంటారు. ఇదివరకు నేను ఊళ్ళ పేర్లు, నెలలు చెప్పేదాన్ని. ఇప్పుడు ముందు నేనే అడుగుతాను: "మీకు ఆయాసం వచ్చి మాట రాకపోతే, అడక్కుండానే ఆ మందు మీ నోటికి పట్టేది ఎవరు?" కొందరు వెంటనే ఒక పేరు చెబుతారు. కొందరు చాలాసేపు ఆలోచిస్తారు. పేరు చెప్పాక, ఆ మనిషి ఎక్కడుంటే అక్కడే ఇల్లు చూసుకోమంటాను. గోడలు చూడ్డానికి నేను వస్తాను.