ఒక్క సిలిండర్‌తో పలాస దాకా

ఈ రోజు పొద్దున్న అమ్మను డయాలసిస్‌కి పలాస తీసుకెళ్తుంటే, హరిపురం దగ్గర బండి ఊగిపోయి స్పీడు పడిపోయింది. అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. రోడ్డు పక్క షెడ్డు కనిపిస్తే ఆపాను. ముక్కూ మొహం తెలియని ఆ మెకానిక్ కాసేపు ఇంజిను శబ్దం విన్నాడు.

“నీ బండికి పక్కపక్కనే రెండు సిలిండర్లున్నాయి బావా. ఒకదాని ప్లగ్గు పోనాది, ఆ రకం నాకాడ నేదు. అదే ఒక్క సిలిండర్ బండయితే ఈపాటికి తోసుకుంటుందువు.”

“పలాస ఎల్లగలమేటి?”

“రెండోది లాగుద్ది. మెల్లగా పోనీ. నేనెనకాలొత్తాను.”

షెడ్డుకు తాళం వేసి, ఆసుపత్రి గేటు దాకా తన బండి మీద మా వెనకే వచ్చాడు. అమ్మకు టైముకే డయాలసిస్ మొదలైంది. నాలుగు గంటల తర్వాత మేం బయటికొచ్చేసరికి, పలాసలో ప్లగ్గు వెతికి తెచ్చి వేసి, బండిని నీడలో పెట్టి కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక చూస్తే, అతని పేరు అడగడం ఇద్దరం మరిచిపోయాం. మీకూ ఇలాంటి పేరు తెలియని బంధువులుంటే కామెంట్లలో చెప్పండి.

ఎల్లుండి మళ్లీ డయాలసిస్‌కి వెళ్తూ దారిలో అతనికి ఇవ్వాలని అమ్మ కొబ్బరిబొండాలు దింపించింది. పొటాషియం ఎక్కువని డాక్టరు అమ్మను తాగొద్దన్నవి అవే.