మేష్టారు మళ్ళీ గీసిన పల్లె

మంగళవారం పొద్దున్న జాకెట్టు ముక్క మీద డిజైను దిద్దుతుంటే మేష్టారి భార్య, అమ్మగారి దగ్గర నుంచి ఫోను వచ్చింది. "మీ మేష్టారు వెళ్ళిపోయారమ్మా" అన్నారు. మా లంక ఊరి హైస్కూల్లో పాతికేళ్ళు డ్రాయింగు నేర్పిన మనిషి ఆయన. రాజమండ్రిలో మగ్గం వర్కుకి డిజైన్లు గీసుకుని నేను బతుకుతున్నానంటే ఆయన చలవే.

ఆయన క్లాసులో గోడ మేకుకి ఒక పటం వేలాడుతుండేది. నూట యాభై ఏళ్ళ కిందట ఏదో పరాయిదేశంలో రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన నలుపు తెలుపు బొమ్మ. ఒక వాగు, వంగిన చెట్లు, గట్టు మీద ఇల్లు, మనుషులు లేని దారి. కింద ఊరి పేరున్న చోట చెదలు తినేశాయి. "ఇది మన కాలవేనా మేష్టారూ?" అని అడిగితే, "నీరు ఎక్కడైనా పల్లానికే పోతుందమ్మా, ఏ ఊరిదైతేనేం" అనేవారు. "ఇందులో బూడిద రంగెక్కడుందో చూపించండి" అని ఒక్కొక్కరినే దాని ముందు నిలబెట్టేవారు. దూరానికి బూడిదగా కనిపించేదంతా దగ్గరికెళ్తే వెంట్రుకంత నల్లగీతలే. "నీడ ఎవడైనా గీస్తాడు. చెయ్యి ఎక్కడ ఆపాలో నేర్చుకో" అనేవారు. అరిగిపోయిన సుద్దముక్కలు జేబులో వేసుకోవడం ఆయన అలవాటు. చొక్కాలు ఉతికేటప్పుడు అమ్మగారు విసుక్కునేవారు.

రిటైరయ్యాక పటం ఇంటికి తెచ్చుకున్నారు. రెండేళ్ళ కిందట గోదారి పొంగినప్పుడు నేను ఊళ్ళోనే ఉన్నాను. నీళ్ళు అరుగు ఎక్కాయి. వాళ్ళిద్దర్నీ పడవ ఎక్కించింది నేనే. పడవ కదిలాక ఆయన లేచి నిలబడ్డారు. "పటం గోడకే ఉండిపోయింది. ఒక్క నిమిషం ఆపించమ్మా!" పడవ నిండా చంటిపిల్లల తల్లులున్నారు.

"కూర్చోండి మేష్టారూ! బొమ్మ కోసం ఇంతమంది ప్రాణాలు తీస్తారా?" అని అరిచాను. జన్మలో ఆయన మీద గొంతెత్తింది అప్పుడే. ఆయన కూర్చున్నారు.

నీళ్ళు తీశాక వెళ్తే గోడ కూలిపోయి ఉంది. బురదలో ఫ్రేము దొరికింది. లోపల కాగితం అంబలిలా అయిపోయింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

అప్పటికే గ్లకోమాతో చూపు తగ్గిపోతోంది. ఉన్న చూపుతోనే ఆ బొమ్మ మళ్ళీ గీయాలని పాళీ, ఇంకుబుడ్డీ పట్టుకు కూర్చున్నారు. తెల్లారితే ఫోను. "అయిదేళ్ళు చూశావు కదమ్మా, వాగు మీద వంతెన ఉందా?" నాకు గుర్తులేదు. పాత విద్యార్థులందరికీ ఫోన్లు చేశారు. ఒకడు బండి ఉందన్నాడు, ఇంకొకడు ఆవు ఉందన్నాడు. "అన్నేళ్ళు చూపించాను. ఒక్కరూ చూడలేదేంటమ్మా? నాకూ చెరిగిపోతోంది. ఎవరో ఒకరు తొందరగా చెప్పండి" అనేవారు. కాగితాలు చింపేవారు, మళ్ళీ మొదలెట్టేవారు. అన్నానికి లెమ్మని చెయ్యి పట్టుకుంటే అమ్మగారిని విదిలించి కొట్టారట.

పోయిన నెల వెళ్ళేసరికి చూపు పూర్తిగా పోయింది. కిటికీ దగ్గర కూర్చుని, ఎడమచేతి వేలు కాగితానికి ఆనించి, కుడిచేత్తో గీస్తున్నారు. "వచ్చావా? ఇల్లయిపోయింది. ఇప్పుడు ఆకాశం పట్టుకున్నాను" అన్నారు.

"ఆరోజు పడవలో అలా అరవకుండా ఉండాల్సింది మేష్టారూ."

ఆయన పాళీ ఆపలేదు. "పటంలో మనుషులు లేరు. పడవలో ఉన్నారు" అన్నారు. కాసేపటికి, "అయినా నాకది కావాలమ్మా" అన్నారు.

వంటింట్లో అమ్మగారు నా చెవిలో చెప్పారు. "గీసినదాని మీదే గీసేసుకుని పాడుచేసుకుంటున్నారమ్మా. చెప్పే ధైర్యం లేక బుడ్డిలో ఇంకు పారబోసి నీళ్ళు పోశాను. పాపమేమో." పక్కగదిలోంచి పాళీ గీరుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.

దహనం అయ్యాక ఆవిడ ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు. కింద సగంలో ఇల్లు, గట్టు, చెట్లు నల్లగా ఉన్నాయి. పైన తెల్లకాగితమే. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, సాయంకాలపు ఎండ ఏటవాలుగా పడేలా వంచాను. దున్నిన చేను చాళ్ళలా దగ్గరదగ్గరగా పాళీ గాట్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా, కాగితం అంచుదాకా.