వెనక సీటు నుంచి బ్యూనస్ ఐరిస్

ఫసీయుద్దీన్‌కు బండి నడపడం తప్ప మరో పని రాదు. బోధన్‌లో ట్రాక్టరుతో మొదలుపెట్టి, ఖతర్ వచ్చి, దోహాలో ఒక లిమోజిన్ కంపెనీ కారు నడుపుతూనే జుట్టు నెరిసిపోయింది. ఆ కంపెనీకి ఒక రూలుంది: బండిలో డ్రైవరు సొంత మనుషులు ఎక్కకూడదు. ముందు సీట్లో ఆడమనిషి కనబడిందని ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, ఉద్యోగం పోయినట్టే. అందుకని భార్య రఫియాను ఎక్కడికి తీసుకెళ్ళినా ఆమె వెనక సీట్లో, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని, అచ్చం ప్యాసింజరులాగే కూర్చునేది.

ఆ నాటకం ఇద్దరికీ సరదాగానే ఉండేది.

"ఎక్కడికి మేడం?" అనేవాడు అద్దంలో చూస్తూ.

"అల్ అజీజియా పోనీ డ్రైవర్. మా చెల్లె ఇంటికి."

"మీటర్ ఎయ్యాల్నా?"

"ఫులూస్ మాఫీ. పైసల్లేవు. బగారన్నం పెడ్త, తిని పో."

దిగేముందు మాత్రం నాటకం పక్కనపెట్టి ఒకే మాట అనేది: "మెడ మీద వెంట్రుకలు పెరిగినయి. కటింగ్ చేయించుకో జీ." ఫసీయుద్దీన్ విసుక్కునేవాడు. ఎవరి మెడ వాళ్ళకు కనబడదు కదా.

ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగిన నెలలో, బ్యూనస్ ఐరిస్ నుంచి వచ్చిన ఒక ముసలి జంట రోజూ ఆయన కారే పిలిపించుకునేది. మ్యాచ్‌కు వెళ్ళేటప్పుడూ, వచ్చేటప్పుడూ, తమ జట్టు గెలిచినా ఓడినా, ఇద్దరూ వెనక సీట్లో చేతులు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబితే రఫియా వడ్డించే గరిటె ఆపింది.

"మనమెప్పుడన్న అట్ల కూర్చున్నమా?"

"నేను నీ పక్కన కూర్చుంటే బండి ఎవరు తోల్తరు?"

"ఎవడో తోల్తడు. వాళ్ళ ఊర్ల నిన్నెవరు గుర్తుపడ్తరు? టాక్సీల వెనక కూర్చుండి ఊరంత తిరుగుదం. ఒక్కసారి."

ఇది గాలిలో మేడ కాదు. కూతురు మెహ్విష్‌కు విమాన కంపెనీలో ఉద్యోగం. తల్లిదండ్రులకు చవగ్గా టికెట్లు దొరుకుతాయి. మెహ్విష్ ఆ మాట ఎత్తినప్పుడల్లా ఫసీయుద్దీన్ "వచ్చే ఏడు" అన్నాడు. డ్యూటీ, సెలవు, బోధన్‌లో ఇంటి పని: అన్నీ నిజమైన కారణాలే. మనుషులు బతుకును వాయిదా వేసేది నిజమైన కారణాలతోనే. అబద్ధపు కారణాలైతే ఎప్పుడో ఒకప్పుడు సిగ్గేసి లేచి బయల్దేరతారు. ఈ ఏడు రంజాన్‌కు కొద్దిగా ముందు, ఫరీజ్ బిన్ మహమూద్‌లోని తమ ఫ్లాట్లో, చాయ్ పెట్టడానికి లేచిన రఫియా వంటింటి గుమ్మంలోనే కూలిపోయింది. గుండె.

పరామర్శకు వచ్చినవాళ్ళు సబర్ చేయమన్నారు, ఓర్చుకోమన్నారు. ఆయన చేశాడు. తర్వాత కొన్నాళ్ళకు, అడక్కుండానే, కూతురితో అన్నాడు: "ఆ ఊరికి టికెట్ చూడు బేటీ."

గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఫసీయుద్దీన్ అక్క బోధన్ నుంచి ఫోన్‌లో అడిగింది: "దుబాయ్ నుంచి ఇంకే దుబాయ్‌కి పోతున్నవ్ రా?" పక్క ఫ్లాట్లవాళ్ళు, భార్య కోరిక తీరుస్తున్నాడని మెచ్చుకున్నారు. పోయినవాళ్ళ కోరికలు తీరవు. తీర్చామని ఉన్నవాళ్ళు చెప్పుకుని కాస్త తేలికపడతారు, అంతే. ఫసీయుద్దీన్‌కు ఆ భ్రమ లేదు. ఆమె రమ్మన్న సీట్లో ఒకసారి కూర్చోవాలనుకున్నాడు. చిన్న పని. దానికోసం కూతురిని తోడు తీసుకుని సగం భూగోళం దాటాడు.

బ్యూనస్ ఐరిస్‌లో టాక్సీలు నల్లగా, పైన పసుపురంగు టాపుతో ఉంటాయి. మొదటి టాక్సీ ఆగగానే ఆయన అలవాటుకొద్దీ డ్రైవరు తలుపు మీద చెయ్యి వేశాడు. లోపలున్నవాడు పెద్దగా నవ్వాడు. ఫసీయుద్దీన్ సిగ్గుపడి, బండి చుట్టూ తిరిగొచ్చి, వాడి పక్క సీట్లో కూర్చున్నాడు.

"అబ్బా, వెనక," అంది మెహ్విష్ తండ్రితో.

"ఈడికెల్లి మంచిగ కనబడ్తది బేటీ."

రెండు రోజులూ అంతే. ఒక్క సిగ్నల్‌లో నడిచి దాటలేనంత వెడల్పాటి రోడ్డు చూశాడు. నవంబరులో పూసే ఊదారంగు చెట్లు ఆగి ఉన్న కార్ల మీద పూలు రాల్చడం చూశాడు. ఒక డ్రైవరు గుండ్రటి సొరకాయ బుర్రలో స్టీలు గొట్టంతో ఏదో పీలుస్తూ ఈయనకూ అందిస్తే, మొహమాటపడి తాగాడు. వేపాకు కషాయంలా ఉంది. భాష రాకపోయినా ట్రాఫిక్‌ను తిట్టడంలో ఇద్దరికీ స్నేహం కుదిరింది. బండి మలుపు తిరిగినప్పుడల్లా ఫసీయుద్దీన్ కుడికాలు అక్కడ లేని బ్రేకును తొక్కుతూనే ఉంది.

మర్నాడు తిరుగు ప్రయాణమనగా, సాయంత్రం మెహ్విష్ టాక్సీని ఆపి, ముందు తలుపుకు అడ్డంగా నిలబడింది.

"ఇది ఆఖరిది అబ్బా. అమ్మీ అడిగింది ముందు సీటు కాదు."

ఆయన వెనక కూర్చున్నాడు. పక్కన కూతురు. బండి కదిలింది. కిటికీలోంచి బాల్కనీలు, పూలకొట్లు, కుక్కల్ని తిప్పుతున్న మనుషులు, అన్నీ వెనక్కి పోతున్నాయి. ఆయన అవేమీ చూడటం లేదని మెహ్విష్‌కు కాసేపటికి తెలిసింది.

"ఏమైంది అబ్బా?"

"ఈడ కూర్చుంటే ఊరు కనబడ్తలేదు."

"మరేం కనబడ్తుంది?"

"మెడ."

డ్రైవరు మెడ మీద వెంట్రుకలు చొక్కా కాలరు దాకా దిగి ఉన్నాయి. పైన అద్దంలో మొహం లేదు, రెండు కళ్ళున్నాయి. అవీ రోడ్డు మీదే.

"మీ అమ్మీ ఇన్నేండ్లు ఇదే చూసింది," అన్నాడు. "కటింగ్ చేయించుకో అంటే కసురుకున్న."

మెహ్విష్ చెయ్యి పట్టుకుంది. ఆయన వద్దనలేదు, తిరిగి పట్టుకోనూ లేదు. హోటల్‌కు ఇంకా చాలా దూరం ఉండగానే బండి ఆపించి, నడుద్దామన్నాడు.

దోహా వచ్చాక డ్యూటీలో చేరాడు. గురువారం గురువారం ఇంటి కింద సెలూన్‌కు వెళుతున్నాడు. అక్కడి బంగ్లాదేశీ కుర్రాడికి ఇది అర్థం కాదు. "చాచా, పోయిన వారమే తీసిన కదా. ఎవరు చూస్తరు?" అంటాడు తనకొచ్చిన హిందీలో.

"నువ్వు తియ్యి," అంటాడు ఫసీయుద్దీన్. "వెనక, మంచిగ."

తర్వాత వెళ్ళి బండి తీస్తాడు. వెనక సీట్లో ఎక్కినవాళ్ళు ఎక్కగానే ఫోన్లు తీస్తారు. దిగేదాకా తల ఎత్తరు.