నేను పంపిన వీడియో

రియాద్‌లోని సులై అనే పారిశ్రామిక వాడలో ఏసీ మెకానిక్‌గా పనిచేస్తున్నాను. మాది జగిత్యాల వైపు పల్లె. మా మండలంలోని ఒక న్యూస్ చానల్ విలేకరికి ఇక్కడి కార్మికుల కష్టాలను సెల్‌ఫోన్‌లో తీసి పంపుతుంటాను. మేం ఉండే లేబర్ క్యాంపులో అందరూ నన్ను 'రిపోర్టర్' అని పిలుస్తారు. ఆ పిలుపు నాకు గర్వంగా ఉండేది.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం, మా ఊరివాడే, నా గదిలోనే ఉండే మల్లేశం గోదాం పైకప్పు మీంచి జారిపడి అక్కడికక్కడే చనిపోయాడు. పడిపోకుండా నడుముకు కట్టుకునే బెల్టు కూడా కంపెనీ ఇవ్వలేదన్న కోపంతో, అతని ముఖం కనపడకుండా వీడియో తీసి విలేకరికి పంపాను. అతని ఇంటివాళ్లకు ఇంకా తెలియదని చెప్పడం మాత్రం మరిచిపోయాను.

పావుగంటలో అది మా ఊరి వాట్సాప్ గ్రూపులన్నిటికీ చేరింది. మల్లేశం భార్య లావణ్య నాకు ఫోన్ చేసింది.

"అన్నా, మా ఆయిన ఫోన్ ఎత్తుతలేడు. గా వీడియోల పడిపోయినాయిన అంగీ అచ్చం మా ఆయినదే లెక్క ఉన్నది. ఎవలో వేరేటోళ్లే గదా?"

"చెల్లే..." అన్నాను.

"కాదని చెప్పన్నా, ఒక్కసారి కాదని చెప్పు" అంటూ గొల్లుమంది.

ఆ వీడియో వల్లే కంపెనీ అందరికీ బెల్టులు ఇచ్చింది. మల్లేశం శవపేటికతో ఊరికి వెళ్లింది నేనే. లావణ్య నన్ను తిట్టలేదు. "ముందుగాల నాకు చెప్తే ఏమైతుండే అన్నా?" అని మాత్రం అడిగింది.

ఇప్పటికీ వీడియోలు పంపుతున్నాను. కానీ అందులో ఉన్నవాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడాకే పంపుతున్నాను.

– గంగాధర్, రియాద్