వెనిగర్ వాసన పోయిన ఉత్తరం

ఇటలీలోని త్రియెస్తె అనే రేవు ఊళ్లో ఒరెస్తె వెనియర్ ఒకసారి ఒక ప్రధానమంత్రిని నమిలి మింగేశాడు. సరే, మంత్రిని కాదు, ఆయన స్వహస్తాలతో రాసిన ఉత్తరాన్ని. అదీ మొత్తం కాదు, ఒక మూల. మింగిన మాట మాత్రం నిజం.

ఒరెస్తె ఓడల బీమా ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. మహామహుల ఉత్తరాలు పోగుచేస్తాడు, ఒక్కటీ చదవడు. చదవడం గుమాస్తాల పనట. అందులో ఏముందని భార్య నెరీనా అడిగితే, "సంతకం చూడవే, సంతకం" అనేవాడు. ఆవిడ చదివింది. ఒక మహానుభావుడు అల్లుణ్ణి తిట్టాడు. ఇంకొకాయన, అదే ఆ ప్రధానమంత్రి, ఎండు అత్తిపళ్లు పంపమని దేబిరించాడు.

ఆ అత్తిపళ్ల ఉత్తరమే ఒరెస్తె ప్రాణం. తూర్పు రేవుల్లో ప్లేగు ఉన్న కాలంలో ఓడ మీద వచ్చింది. అప్పట్లో వచ్చిన ప్రతి ఉత్తరానికీ రోగం అంటకుండా రేవులో ఉలితో గాట్లు పెట్టి, వెనిగర్ పట్టించి, పొగ వేస్తే గాని ఊళ్లోకి రానిచ్చేవారు కాదు.

ఇలా ఉత్తరాలు పోగుచేసేవాళ్ల సంఘంలో అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయింది. ఆదివారం కాఫీ హోటల్లో ఎవరి ఉత్తరం మిన్న అని తేలితే కుర్చీ వారిదే. ఒరెస్తె దానికోసం ముందే పట్టు దిండు కుట్టించుకున్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్లికూతుర్ని ముస్తాబు చేసినట్టు ఉత్తరానికి గంజితో గాట్లు పూడ్పించి, మరకలు తీయించి, బట్టల బీరువాలో లావెండర్ పూల మధ్య దాచాడు.

ఆదివారం మందుల షాపు తుల్లియో ఆ ఉత్తరాన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కుర్చీ మీద అతని కన్నూ ఉంది.

"గాట్లేవండీ, ఒరెస్తె గారూ?"

"పూడ్పించాను. కనబడుతున్నాయా?"

"కనబడకపోవడమే కదా గొడవ. ఇది ఓడ దిగి వచ్చినట్టు లేదు, మీ ఆవిడ బీరువాలోంచి వచ్చినట్టుంది. వెనిగర్ వాసనేదీ?"

"ఉంది. మీకు జలుబు చేసుంటుంది."

"అయితే మీరే నాకి చెప్పండి, వింటాం."

బల్ల చుట్టూ నవ్వులు. ఒరెస్తె ఖాళీ కుర్చీ వంక చూశాడు. వంగి, కాగితం మూల నాకాడు.

"పుల్లగా ఉంది" అన్నాడు.

పూడ్చిన గాటు దగ్గర గంజి కరిగింది. మూల ఊడి, సంతకంతో సహా నాలుకకు అతుక్కుంది. నలుగురిలో ప్రధానమంత్రిని ఉమ్మేయడం ఎలా? కాఫీతో కలిపి మింగాడు.

"సంతకం ఏమైందండీ?" అన్నాడు తుల్లియో తాపీగా. ఆనక తుల్లియో కుర్చీ ఎక్కాడు, అదీ ఒరెస్తె తెచ్చిన దిండు మీదే.

ఇప్పుడు ఒరెస్తెని అడిగి చూడండి.

"శుద్ధ అబద్ధం. నేను ఏ కాగితాన్నీ నాకలేదు. అలాంటి ఉత్తరం నా దగ్గర ఎన్నడూ లేదు. ఆ తుల్లియో ఎవరో నాకు తెలీదు."

"మరి ఆ దిండు?"

"పిల్లికోసం కుట్టించాను. పిల్లి కూడా లేదు."