వేరా గుర్రానికి మేం చేసిన కంటి ఆపరేషన్

2023 శీతాకాలం, మిషిగన్‌లోని నోవై. మా కంపెనీ కార్ల మట్టి నమూనాలను త్రీడీ స్కాన్ చేస్తుంది. అంటే వెలుతురు పడేసి, ఒంపులన్నీ కొలిచి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంది. ఆ వారం మా బల్లమీదికి ఓ మట్టి గుర్రం వచ్చింది. హార్స్‌పవర్ అని రోజూ అంటుంటాం గానీ, మా బల్లమీద గుర్రాన్ని చూడటం నాకదే మొదలు.

తెచ్చినావిడ పేరు వేరా. రష్యాలో గుర్రాల ఫారం పక్కన పుట్టింది. తండ్రి నాడాలు కొట్టేవాడు. మాస్కోలో శిల్పం నేర్చుకుని, గుర్రాలు తప్ప ఇంకేమీ చేయనని భీష్మించుకుంది. సోవియట్ యూనియన్ ముక్కలయ్యాక డెట్రాయిట్ వచ్చి కార్ల మట్టి నమూనాలు చేసింది. జీతానికి కార్లు, శని ఆదివారాలు గుర్రాలు. ఆవిడ కంచు గుర్రాలు ఇక్కడ చాలా ఫారాల గేట్ల దగ్గర నిలబడి ఉన్నాయి. ఇప్పుడు మణికట్టు అరిగిపోయింది, ఇదే ఆఖరిదంది. మూరెడు మట్టిబొమ్మను మేం స్కాన్ చేసి నిలువెత్తు ఫోమ్‌లో చెక్కిస్తే, దాన్నుంచి అచ్చు తీసి కంచు పోస్తారు.

నేను అన్నివైపులా స్కాన్ చేసి, ఫైలు తయారుచేయమని మా టీమ్‌లోని కార్తీక్‌కి ఇచ్చాను. బొమ్మను ఆవిడ ఇంటికి తీసుకెళ్లింది. ముందు తల మటుకు చెక్కి, చూసుకోమని పిలిచాం.

వేరా దాని చుట్టూ ఓసారి తిరిగింది. "ఇదెవరి గుర్రం?"

"మీదే మేడమ్."

"నాదానికి కుడికన్ను లేదు. అందుకే కుడిచెవి పక్కకి తిప్పి వింటూ ఉంటుంది. మా నాన్న నాడాలు కొట్టిన ముసలిది. ఇదేమో రెండు కళ్లతో నన్ను చూస్తోంది."

కార్తీక్‌ని పక్కకి లాగాను. "ఏం చేశావ్‌రా?"

"కార్‌కి చేసినట్టే బ్రో. ఎడమ సగం క్లీన్ చేసి, దాన్నే తిరగేసి కుడికి మిర్రర్ కొట్టేశా."

కార్ల పనిలో అందరూ చేసేదే అది. కారుకి రెండువైపులూ ఒకటే.

"ముసలి గుర్రానికి ఫ్రీగా కంటి ఆపరేషన్ చేశావ్‌ కదరా!" అని, వేరా వైపు తిరిగాను. "బొమ్మ మళ్లీ తీసుకురండి మేడమ్, సరిచేస్తాం."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "మట్టి స్కూలు పిల్లలకిచ్చేశాను. ఈపాటికి డైనోసార్ అయ్యుంటుంది."

ఎవరూ నవ్వలేదు. ప్రతిదానికీ జోకేసే నేనూ నవ్వలేదు, అది మా ఆఫీసులో వార్త.

ఇక దిక్కు నా మొదటి స్కాన్ ఒక్కటే. ఫైలు తయారవగానే దాన్ని సర్వర్‌లోంచి తీసేయాలి. ఆ డ్యూటీ కార్తీక్‌ది.

"డిలీట్ చేశావా?"

"సారీ బ్రో. సోమవారం చేద్దామనుకున్నా."

"ఏ సోమవారం?"

"పోయిన సోమవారం."

వాడి బద్ధకానికి మనసులోనే కొబ్బరికాయ కొట్టాను. ఫైలు తెరిస్తే మూసుకుపోయిన కన్ను, పక్కకి తిరిగిన చెవి, ఆవిడ బొటనవేలి గుర్తులు, అన్నీ ఉన్నాయి. వేరా ఊపిరి వదిలిన చప్పుడు మెషీన్ల మోతలోనూ వినబడింది.

కొత్త తల చెక్కాక, దాని చెవిమీద వేరా అరచేయి పెట్టింది. "ఇప్పుడు వింటోంది" అంది. తర్వాత కార్తీక్ భుజం తట్టింది. "నువ్వు మారకు."

"ట్రై చేస్తా మేడమ్" అన్నాడు వాడు, వినయంగా.

అప్పట్నుంచి ఏ పని వచ్చినా ముందు అడుగుతున్నాను: "రెండో వైపు కూడా ఇలాగే ఉంటుందా?" కార్లవాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తారు. చూడనీ.