బండి ముక్కుకు రెండు తొడుగులు

ఇది జరిగిన రోజుల్లోనే రాసి ఉంటే ఇంకా బాగా గుర్తుండేది. రాయడానికి తీరిక దొరకలేదనే వాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ అసూయే. తీరిక నాకు బోలెడంత ఉండేది, నేను కారు నడిపే మేడం ఆఫీసులో ఉన్నంతసేపూ పార్కింగులో ఖాళీగానే కూర్చునేదాన్ని. లేనివి అక్షరాలు. ఆ రోజుల్లో నాకు ముప్పై నాలుగేళ్లు, చేతిలో కొత్త లైసెన్సు. అంకెలు వచ్చు, రోడ్డు గుర్తులన్నీ బొమ్మలే, నానక్‌రామ్‌గూడలో దారులకు మేడలే ఆనవాళ్లు. వంగిన అద్దాల మేడ దగ్గర కుడికి, ఇస్త్రీపెట్టెలాంటి మేడ దగ్గర ఎడమకు. అంతవరకు నాకు చదువుతో పని పడలేదు. కానీ ఉద్యోగంలో చేరేటప్పుడు మేడం "ఎంతవరకు సదువుకున్నావు కా?" అని అడిగితే "ఏడో తరగతి" అనేశాను. (ఏడే ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. పది అంటే సర్టిఫికెట్ అడుగుతారని, ఐదు అంటే చిన్నచూపు చూస్తారని కాబోలు.) మేడం కడప మనిషి, అక్కా అనడానికి "కా" అనేది, సాఫ్ట్‌వేర్‌లో పెద్ద ఉద్యోగం. "నాకు అబద్ధం చెప్పినోళ్లు ఒక్క రోజు కూడా వద్దు కా," అని ఆ రోజే చెప్పింది. అప్పటిదాకా నాలుగిళ్లలో వంట చేసి, మొదటిసారి స్టీరింగు ముందు కూర్చున్నదాన్ని. ఆ సీటు పోతుందేమోనన్న భయంతో, మేడం ఏ కాగితం తీసినా నేను బండి తుడిచే గుడ్డ అందుకునేదాన్ని.

కారు మేడం తమ్ముడిది. అతను పుణెకు బదిలీ అయి పోతూ అక్కకు వదిలిపెట్టాడు. అతనికి కార్ల పిచ్చి. కంపెనీ పెట్టిన గాలి డబ్బా పీకించి, ఒక పొడుగాటి గొట్టం వేయించి, దాని మూతిని కింద ముందు చక్రం పక్కన దాచాడు. ఇంజనుకు చల్లగాలి కావాలట. ఇది నాకు అసలు అర్థం కాలేదు. చల్లగాలి కావలసింది లోపల కూర్చున్న మనిషికి కదా, దానికి ఏసీ ఉంది కదా, మధ్యలో ఇంజనుకు ఎందుకు ఈ భోగం? శేరిలింగంపల్లిలో షెడ్డు నడిపే ముసలి మెకానిక్కును అడిగాను. ఆయన్ను చాచా అనేదాన్ని.

"మనిషికి ముక్కెట్లనో బండికి గిది గట్ల, బేటీ. మీ మేడం తమ్ముడు ముక్కు తీస్కపోయి కాళ్ల కాడ పెట్టిండు. రోడ్డు మీద నీళ్లు నిలిస్తే సీదా ముక్కులకే పోతయి. ఇంజన్ ఖతం."

"మరి ఎట్ల చాచా?"

"ఫికర్ జెయ్యకు," అని ఆయన రెండు తొడుగులు తెచ్చి చేతిలో పెట్టాడు. ఒకటి పలుచటి నల్లగుడ్డ. ఇంకొకటి మందపాటి ప్లాస్టిక్ టోపీ. రెండింటి మీదా తెల్ల పట్టీ అంటించి, పెన్నుతో ఏదో రాశాడు. "ఏది ఎప్పుడు తొడగాల్నో తెలుగులనే రాసిన. చదువుకున్న పిల్లవు, నీకు చెప్పేదేముంది?"

నిజమే, చదువుకున్న పిల్లకు చెప్పేదేముంటుంది? నేను రెండు పట్టీలనూ తీరిగ్గా చూసి, పెదవులు కాస్త కదిపి, తల ఊపాను. (పెదవులు కదపడం నేను కనిపెట్టిందే. బస్టాపుల్లో బాగా పనిచేసేది.)

నాలుగు రోజులకు, పొద్దున్నే వాన దంచికొట్టింది. మేడంకు పదింటికి మీటింగు, అందులో తనే మాట్లాడాలి. నేను మణికొండలో వాళ్ల అపార్టుమెంటు కింద కారు పక్కన చతికిలబడి, రెండు తొడుగులూ ఒళ్లో పెట్టుకుని ఆలోచనలో పడ్డాను. పట్టీలను తలకిందులుగా కూడా చూశాను. చివరికి నా బుర్రే నాకు దిక్కయింది. ఇంత వానకు ఆ పలుచటి గుడ్డ ఆగుతుందా? చలిజ్వరం వచ్చిన పిల్లకు పైట కప్పుతామా, రగ్గు కప్పుతామా? ప్లాస్టిక్ టోపీ తొడిగి, ఊడిపోకుండా నా జడ రబ్బరు తీసి బిగించాను. ఎంత తెలివిగా చేశానో అని పొంగిపోయాను కూడా.

కారు కదిలింది. వీధి మలుపు దాటగానే దగ్గింది. ఎంత తొక్కితే అంత నీరసపడింది. ఫ్లైఓవరు ఎక్కబోతూ ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. వెనక హారన్ల మోత.

"ఏమైంది కా? నీళ్లు పోయినాయా?"

"పోలే మేడం! ఒక్క సుక్క పోకుండ కట్టిన!"

వాన సన్నబడింది. మేడం గొడుగు పట్టుకుని దిగింది. నేను చక్రం పక్కన చెయ్యి పెట్టి లాగితే, గొట్టం మూతికి లోపలికి పీల్చుకుని అతుక్కుపోయిన టోపీ చప్పుడు చేస్తూ ఊడివచ్చింది. మేడం దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"దీని మీద ఏదో రాసుండాదే. సదువు కా."

పెదవులు కదిపాను. ఈసారి మాట కూడా రావాలి. "జాగ్రత్త అని ఉంది మేడం."

"రెండు వరసలుండాయి. అంతా జాగ్రత్తేనా?"

"రెండుసార్లు జాగ్రత్త అని రాసిండు మేడం."

అంతసేపు తనే ఎందుకు చదవడం లేదో నాకు తట్టనేలేదు. మేడం చాచాకు ఫోను కలిపి స్పీకరు పెట్టింది. సంగతి వినగానే ఆయన అరిచిన అరుపు ఫ్లైఓవరు మీదకు కూడా వినిపించి ఉంటుంది.

"అయ్యో అమ్మా, టోపీ కడుగుడుకు! పైపుతోని బండి కడిగేటప్పుడు పెట్టాలె, నడిపేటప్పుడు తీసెయ్యాలె! వానకు నల్లగుడ్డ. గాలి పోతది, నీళ్లు జారిపోతయి. ముక్కు మూస్తే ఎవరన్న బతుకుతరా? అంత పెద్దగ రాసిన గద! ఇద్దరు సదువుకున్నోళ్లే, ఒక్కరు సూడలేదా?"

ఫోను కట్ అయ్యింది. మేడం నా వైపు చూసింది, నేను మేడం వైపు చూశాను.

"మీరైనా చూడొచ్చు కదా మేడం," అనేశాను, భయంలో మర్యాద మర్చిపోయి.

"నాకు తెలుగు సదవడం రాదు కా," అంది మేడం, గొడుగులోకి మొహం దాచుకుంటూ. "మా నాయన ఉద్యోగం నాగపూర్‌లో. ఇంట్లో మాటలు కడపవి, బడిలో అక్షరాలు హిందీవి. ఇక్కడ బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, గడిచిపోతాండాది. మరి నీది ఏడో తరగతి కదా?"

ఇక ఏం దాచను? "నేను బడి మెట్టే ఎక్కలే మేడం. అబద్ధం చెప్పిన. రేపటి నుంచి వద్దంటే రాను."

మేడం చేతిలోని టోపీ నాకిచ్చి, "ఆఫీసు ఫారంలో, తెలుగు సదవను రాయను వచ్చా అంటే నేనూ వచ్చని టిక్కు పెట్టినా," అంది. "యాలంటే, తెలుగుదాన్ని కదా, రాదంటే బాగుండదని. ముందు ఆ నల్లగుడ్డ తొడుగు. రేపు తొమ్మిదికల్లా రా."

నల్లగుడ్డ తొడిగి తాళం తిప్పితే బండి హాయిగా ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను. మీటింగుకు పావుగంట ఆలస్యం. దారి పొడుగునా, అద్దంలో చూసినప్పుడల్లా మేడం పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది.

ఇప్పుడు ఈ కాగితం మీద నా వంకర అక్షరాలు చూసుకుంటూ, జడ రబ్బరుతో బండి ముక్కు బిగించిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వూ వస్తుంది, పాపం అనీ అనిపిస్తుంది. మర్నాడు పొద్దున్న తొమ్మిది కాకముందే మణికొండలో పుస్తకాల దుకాణానికి వెళ్లి రెండు పలకలు, ఒక డబ్బా బలపాలు అడిగాను.

"రెండా? కవల పిల్లలా అమ్మా?" అంది దుకాణపామె.

"అవును."

"ఏ బడిల ఏసినవు?"

"ఇంక ఎయ్యలే. ఇద్దరు జర మొండోళ్లు," అని చెప్పి, వయసు అడిగేలోపు పలకలు చంకలో పెట్టుకుని బయటపడ్డాను. ఒకటి వెనక సీటులో పెట్టాను, ఒకటి నా పక్క సీటులో.